కోడుపాలెం నీళ్ళ దావా

కోడుపాలెం,
1897 జూలై 12.

తమ్ముడు పల్లంరాజుకి అక్క మహాలక్ష్మమ్మ దీవించి చెప్పి రాయిస్తున్న సంగతులు.

ఇక్కడ అందరం బతికే ఉన్నాం. బాగున్నామని రాద్దామని పంతులుగారు అన్నారు గాని, ఉత్తరాన్ని అబద్ధంతో మొదలుపెట్టడం నాకిష్టం లేదు. రాస్తున్నది మన బడి భాస్కరం పంతులుగారు. ముక్కుకి కండువా కట్టుకుని మరీ రాస్తున్నారు. మన చేపల వాసన ఆయనకి అలవాటే. ఆ కండువా ఊరి పక్క నీటిపాయ, మన పాములకోడు కంపుకి.

కోడుకి ఎగువన సారా కంట్రాక్టరు అప్పారావుగారు బట్టీ పెట్టించాడని నీకు తెలుసు కదా. సారా దిగాక అడుగున మిగిలే మడ్డినీళ్ళు ఇన్నాళ్ళూ గుంటల్లో పోయించేవాడు. ఈ ఏడు గుంటలు నిండిపోయాయి. దాంతో గట్టు కోయించి, తూము పెట్టించి, ఆ మడ్డంతా మన కోడులోకి వదిలేశాడు. ఆ గట్టు సర్కారుది. గట్టుమీద గడ్డి మేసిందని మన ఆవుని బందెలదొడ్డిలో పెట్టించిన సర్కారు, అతను గట్టునే కోసుకుంటే ఊరుకుంది. అడిగితే మేమే అనుమతి ఇచ్చామన్నారు.

మొదటిరోజు చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని నిలబడ్డాయి. వల అక్కర్లేదు, చేత్తో ఎత్తుకోవడమే. పిల్లలు గంతులేశారు. మీ బావయితే అమ్మవారు కరుణించిందన్నాడు. రెండోరోజుకి కోడంతా తెల్లటి పొట్టలు. మూడోరోజుకి నీళ్ళు బెల్లప్పాకం రంగు. మన కోడు నీళ్ళు నడిచేవి కావు, కూర్చునేవి. వచ్చిన మడ్డి వచ్చినచోటే ఉంది. ఆ నీళ్ళలో దిగిన పిల్లలకి కాళ్ళు పొక్కుతున్నాయి. తాగేనీళ్ళకి కోసెడు దూరం పోతున్నాం.

శుక్రవారం సంతలో గంప దించాను. ఇరవై ఏళ్ళుగా నా దగ్గర కొనే ఆవిడ వచ్చి, "కోడుపాలెం చేపా? సారా కంపు కొడుతుందమ్మా" అని పక్క గంప దగ్గరికి పోయింది. ఆ మాట నాకు చెంపదెబ్బలా తగిలింది.

నువ్వు వకీలుగారి దగ్గర గుమాస్తావి. కోర్టు నీ పక్కనే. ఆ తూము మూసెయ్యమని ఒక ముక్క రాయించి, జడ్జీగారిచేత సంతకం పెట్టించి పంపు. వచ్చే సంతలోపు వస్తే మేలు.

నీ అక్క.

రాజమహేంద్రవరం,
1897 జూలై 19.

అక్కకి నమస్కరించి పల్లంరాజు రాసేది.

నీ ఉత్తరం చదివాక రెండు పూటలు అన్నం సహించలేదు. కాని అక్కా, కోర్టు నా పక్కన ఉండడం వేరు, నా చేతిలో ఉండడం వేరు. జడ్జీగారిని నేను చూసేది కూడా దూరంనుంచే. ఒక ముక్క రాయించి సంతకం పెట్టించడానికి ఆయనేమీ మన ఊరి కరణం కాడు.

మా వకీలు వేంకటరమణగారితో చెప్పాను. ఆయన అంతా విని, "ఇది వదిలే కేసు కాదోయ్" అన్నారు. దావా వెయ్యాలిట. ప్రతివాదులు ఇద్దరు. మడ్డి పారించినందుకు అప్పారావుగారు, గట్టు కోసుకోనిచ్చినందుకు సర్కారువారు. అయితే సర్కారు మీద దావా వేసేముందు రెండు నెలల నోటీసు ఇవ్వాలని చట్టం. అది ఇవ్వకపోతే మొదటి వాయిదాలోనే కొట్టేస్తారు.

ఈలోపు నువ్వు చెయ్యాల్సిందల్లా సాక్ష్యం సిద్ధం చెయ్యడం. చచ్చిన చేపల సాక్ష్యం గట్టిగా ఉండాలి. దానిమీదే అంతా నిలబడి ఉంది. ఆలస్యం చెయ్యకుండా పంపించు.

పిల్లల కాళ్ళకి వేపాకు నూరి పట్టించండి.

నీ తమ్ముడు.

కోడుపాలెం,
1897 ఆగస్టు 2.

తమ్ముడికి అక్క చెప్పేది.

నువ్వు అడిగిన సాక్ష్యం కొత్తకుండలో పెట్టి, మూతికి గుడ్డ కట్టి, మట్టితో మెత్తి, మంగళవారం పడవకి పంపాను. కొర్రమీనులు నాలుగు, జెల్లలు పది, మిగతావి బొమ్మిడాయిలు. జడ్జీగారు నమ్మకపోతే కుండ విప్పి చూపించు. విప్పేటప్పుడు గాలికి ఎదురుగా నిలబడొద్దని చెప్పు.

రెండు నెలల నోటీసు సంగతి పంతులుగారు రెండుసార్లు చదివి చెప్పారు. నేను తప్పు విన్నానేమో అనుకున్నాను. మడ్డి వదిలేముందు మాకెవరైనా రెండు నెలలు గడువిచ్చారా? చేపలకి ఇచ్చారా? తప్పు చేసినవాడికి ముందుగా కబురుపెట్టి, అయ్యా రెండు నెలల తరవాత మీమీద కోపం తెచ్చుకుంటాం అని చెప్పాలా? ఇదెక్కడి ధర్మంరా?

సర్కారు మీద దావా అనేసరికి ఇక్కడి మగాళ్ళకి గుండె జారింది. దావా అంటే మహారాణిగారిని కోర్టుకి లాగడం అనుకుంటున్నారు. మన ఇళ్ళు తగలబెట్టిస్తారని ఒకడు, వలలు జప్తు చేస్తారని ఇంకొకడు. ఏదో ఒకటి నచ్చజెప్పి రాయి, చదివించి వినిపిస్తాను.

కుండ చేరినట్టు జాబు రాయి.

అక్క.

రాజమహేంద్రవరం,
1897 ఆగస్టు 11.

అక్కకి పల్లంరాజు నమస్కారాలు.

కుండ చేరింది. చేరినట్టు నేను రాయక్కర్లేదు, పుష్కరాలరేవు మొదలుకుని మా వీధి చివరిదాకా ఎవరిని అడిగినా చెబుతారు. పడవవాడు నాలుగురోజులు ఆగుతూ ఆగుతూ తెచ్చాడు. వకీలుగారింటి అరుగుమీద దించేసరికి మట్టి పగిలింది. వాళ్ళావిడ బాలాత్రిపురసుందరమ్మగారు మడి కట్టుకుని వస్తున్నారప్పుడు. ఆ తరవాత ఇల్లంతా కడిగించి, మామిడాకులు కట్టించి, పసుపునీళ్ళు చల్లించారు. నాకు రెండురోజులు పని చెప్పలేదు.

అక్కా, సాక్ష్యం పంపమంటే, చూసినవాళ్ళ పేర్లు పంపమని. చేపల్ని కాదు. తప్పు నాదే, విడమరిచి రాయాల్సింది. దయచేసి ఇకమీదట ఏమీ కుండల్లో పెట్టి పంపకు.

నోటీసు వెళ్ళిపోయింది. మగవాళ్ళకి ఇలా చెప్పు. మహారాణిగారికి ఈ సంగతి తెలియను కూడా తెలియదు. సర్కారు మీద దావా వేసినందుకు ఎవరి ఇల్లూ తగలబెట్టరు. చట్టమే వెయ్యనిస్తుంది. దీంతోపాటు వకాల్తా కాగితం పంపుతున్నాను. ఇంటికొకరు చొప్పున పన్నెండు ఇళ్ళవాళ్ళచేతా నిశానీ వేయించి, పంతులుగారిచేత పేర్లు రాయించి తిప్పి పంపు.

పల్లంరాజు.

కోడుపాలెం,
1897 సెప్టెంబరు 6.

తమ్ముడికి.

నాకు మాట్లాడాలంటేనే చిరాకుగా ఉంది. అయినా చెప్పకపోతే నీకెలా తెలుస్తుంది?

మొన్న ఆదివారం మరిడమ్మ జాతర. అప్పారావుగారు ఊరికి సారా పీపా పంపాడు. అమ్మవారికి మొక్కుకున్నాట్ట, మంచినీళ్ళలా తాగమన్నాట్ట. మన మగాళ్ళు తాగారు. తాగాక అతని మనిషి ఒక కాగితం తీశాడు. పాములకోడు నీళ్ళు బాగానే ఉన్నాయి, మాకే ఇబ్బందీ లేదు అని అందులో ఉందిట. ఏడుగురు నిశానీ వేశారు. మన కోడుని చంపిన మడ్డి ఏ పొయ్యిమీంచి దిగిందో ఆ పొయ్యిమీది సారాయే తాగి, కోడు బాగుందని రాసిచ్చారు!

ఆ ఏడుగురిలో మీ బావ రాముడు ఒకడు. తెల్లారాక "నేనెక్కడ వేశానే?" అన్నాడు. వేలికి సిరా ఇంకా ఉంది. ఆ రోజునుంచి ఆయన అన్నం ఆయనే వండుకుంటున్నాడు. మాడుతోంది, తింటున్నాడు.

మిగతా ఐదుగురూ వాళ్ళని చూసి జంకారు. నీ వకాల్తా పట్టుకుని పన్నెండు గడపలూ తిరిగాను. చివరికి ఆడవాళ్ళం ఆరుగురం మిగిలాం. గంపలెత్తేది మేమే, సంతలో మాటలు పడేదీ మేమే. ఆరు నిశానీలు పంపుతున్నాను. ఆడవాళ్ళ వేళ్ళు కోర్టులో చెల్లుతాయో లేదో కనుక్కో. చెల్లవంటే చెల్లేలా చూడు.

అక్క.

రాజమహేంద్రవరం,
1897 అక్టోబరు 25.

అక్కకి నమస్కారాలు.

చెల్లుతాయి. ఆరుగురు చాలు. దావా దాఖలైంది.

అయితే కొత్త చిక్కొకటి వచ్చింది. నోటీసుకి సర్కారువారి జవాబు అందింది. పాములకోడు అనే కోడు వాళ్ళ రికార్డుల్లో లేదుట. మన ఊరి పక్కన ఉన్నది పొలాల మురుగు పోవడానికి సర్కారు ఉంచిన డ్రైనుట, నంబరు పద్నాలుగు. డ్రైను ఉన్నదే మురుగుకి గనక, అందులో మురుగు వదిలితే తప్పేముందని అడుగుతున్నారు. మ్యాపు కూడా జతపరిచారు. నేను కళ్ళారా చూశాను. పెన్సిలు గీతంత సన్నటి గీత, పక్కన 14 అని.

కాబట్టి ఇకమీదట మనం కాగితాల్లో దాన్ని డ్రైను అనే రాయాలి. లేకపోతే ఏ నీళ్ళ గురించి మాట్లాడుతున్నామో కోర్టుకి తెలియదు. అది డ్రైను కాదని రుజువు చెయ్యడానికి పాత కాగితమేదైనా దొరుకుతుందేమో చూడు. దొరకకపోతే కష్టం. రాజీ పడితే అప్పారావుగారు ఊళ్ళో నుయ్యి తవ్విస్తానంటున్నాడని, ఆ మాట కూడా నీ చెవిని వెయ్యమని వకీలుగారు అన్నారు. వేశాను.

పల్లంరాజు.

కోడుపాలెం,
1897 నవంబరు 3.

రాజమంద్రి గుమాస్తా శ్రీ పల్లంరాజుగారికి కోడుపాలెం మహాలక్ష్మమ్మ రాయించేది.

అయ్యా, తమరి ఉత్తరం అందింది. తమరు డ్రైను అన్నారు. తమరు ఈత నేర్చుకున్నది ఆ డ్రైనులోనేనండి. అమ్మ పోయినప్పుడు దినాలకి తమరు మునిగింది ఆ డ్రైనులోనేనండి. ఆ డ్రైనులో పట్టిన చేపలు అమ్మే తమరికి ఇంగ్లీషు చెప్పించామండి. ఆ ఇంగ్లీషుతోనే తమరు దాన్ని డ్రైను అంటున్నారు. చాలా సంతోషమండి.

నుయ్యి సంగతి. నూతిలో చేపలు పడతాయా అని ఆ అప్పారావుగారిని అడిగి తెలుసుకోండి. పడతాయంటే రాజీకి వస్తాం.

ఇంతకన్న రాయించవలసింది లేదు.

మహాలక్ష్మమ్మ.

వ్రాసినవాడి మనవి: నాయనా పల్లంరాజూ, పై ముక్కలు చెప్పినంతసేపూ మీ అక్కగారు కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నారు. కోపం చల్లారేదాకా ఆగుదామన్నాను, వినలేదు. అసలు సంగతి ఆవిడ రాయించలేదు గనక నేను రాస్తున్నాను. నీ ఉత్తరం వచ్చిన మర్నాడే ఆవిడ అటకెక్కి మీ నాన్నగారి వెదురుగొట్టం దించారు. అందులో ఫసలీ 1282 నాటి, అంటే పాతికేళ్ళ కిందటి, రసీదు ఒకటి ఉంది. ఆ యేటికి పాములకోడులో చేపలు పట్టుకునే హక్కు వేలంపాటలో మీ నాన్నగారికి దక్కినట్టు సర్కారు ముద్రతో ఉంది. పేరు స్పష్టంగా పాములకోడు అనే ఉంది. ఇది పనికొస్తుందేమో. దీంతో జతపరిచాను. — భాస్కరం.

రాజమహేంద్రవరం,
1897 నవంబరు 15.

అక్కా,

నన్ను నువ్వు తిట్టు, కొట్టు, ఇంకెప్పుడూ తమరు అనకు. పంతులుగారి చేతిరాతలో ఆ అండీలు చదువుతుంటే నాకు తల కొట్టేసినట్టయింది. డ్రైను అన్నది నేను కాదక్కా, వాళ్ళు. వాళ్ళ మాటని వాళ్ళ మాటతోనే కొట్టాలని రాశాను. అది నీకు చేరేసరికి నా మాట అయిపోయింది. ఉత్తరాలతో ఇదే తంటా.

రసీదు చూసి వేంకటరమణగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "చేపలు పట్టుకోమని పాట పాడించినవాళ్ళు ఇప్పుడది మురుక్కాలవ అంటారా?" అని గట్టిగా నవ్వారు. బాలాత్రిపురసుందరమ్మగారు కూడా కుండ సంగతి మరిచిపోయి నాకు గ్లాసుడు మజ్జిగ ఇప్పించారు. రసీదు కోర్టులో దాఖలు చేశాం. అది కోడో, డ్రైనో, అందులో నీళ్ళెలా ఉన్నాయో చూసి రమ్మని జడ్జీగారు ఒక కమిషనరుని పంపుతున్నారు. ఫిబ్రవరిలో వస్తాడు. తేదీ రెండు పక్షాలకీ ముందుగా తెలియజేస్తారు.

నాన్న ఆ రసీదు పారెయ్యకుండా దాచాడంటే నాకు ఆశ్చర్యంగా ఉంది. ఆయనకి చదవడం రాదు కదా.

నీ తమ్ముడు.

కోడుపాలెం,
1898 ఫిబ్రవరి 20.

తమ్ముడికి.

కమిషనరుగారు వచ్చి వెళ్ళారు. జరిగింది వింటే నువ్వు కూడా తల బాదుకుంటావు.

ఆయన వచ్చేది పదిహేనో తేదీ అని రెండు పక్షాలకీ తెలియజేశారు కదా. పదోతేదీనుంచి బట్టీ పొయ్యి ఆర్పేశారు. తూముకి పలకలు దిగ్గొట్టారు. అంతటితో ఆగలేదు. లాకుల దగ్గర గేట్లు ఎత్తి, కాలవ నీళ్ళు అయిదు రోజులు మన కోడులోకి వదిలారు. పదిహేను తెల్లవారేసరికి కోడు కొబ్బరినీళ్ళలా ఉంది! నాకే నమ్మకం కలగలేదు.

కమిషనరుగారు పడవ దిగి దోసిట్లో నీళ్ళు తీసుకున్నారు. వాసన చూశారు. "ఏమీ లేదే" అన్నారు.

"అయ్యా, ఇవి మా కోడు నీళ్ళు కావండి. మీకోసం తెప్పించిన నీళ్ళండి" అన్నాను.

"నీళ్ళు ఎక్కడివైతేనేం, ఇప్పుడున్నవి రాసుకోవడమే నా పనమ్మా."

"రేపు రండి. పోనీ ఎల్లుండి రండి, చెప్పకుండా రండి."

"చెప్పకుండా రావడానికి చట్టం ఒప్పుకోదు" అని, మధ్యాహ్నం భోజనానికి అప్పారావుగారి బంగళాకి వెళ్ళారు. నేను గట్టెంబడి పడవ వెనకాలే నడిచాను. అరిచి అరిచి గొంతు పోయింది. మర్నాడు పలకలు తీశారు. సాయంత్రానికి మళ్ళీ బెల్లప్పాకం.

ఒకటే మంచిమాట. గేట్లు ఎత్తమని తనకి కాగితం వచ్చిందని లాకులు కాసే లాజరు అన్నాడు. "ఉద్యోగం పోయినా సరే, కోర్టులో చెప్తానక్కా. ఆ నీళ్ళు మా పిల్లలూ తాగాలి" అన్నాడు. ఆయన పేరు రాసుకో.

అక్క.

కోడుపాలెం,
1898 జూన్ 14.

పల్లంరాజుకి.

ఇది మూడో ఉత్తరం. మొదటి రెంటికీ జవాబు లేదు. మార్చిలో నువ్వు రాసిన రెండు ముక్కలే ఆఖరు: "కనుక్కుంటున్నాను, కంగారుపడకు" అని.

లాజరుని ఇక్కడినుంచి తీసేసి నిడదవోలు వైపు లాకుకి వేశారు. పోతూ రాజమంద్రిలో ఆగి నీకోసం వకీలుగారింటికి వెళ్ళాట్ట. అరుగుమీద నీ చాపలో ఇంకెవరో కూర్చుని ఉన్నారుట. పల్లంరాజు ఇక్కడ లేడు, ఎక్కడున్నాడో తెలియదు అన్నారుట. వేంకటరమణగారు గుమ్మంలోంచి చూసి లోపలికి వెళ్ళిపోయారుట. నిన్న సంతలో అప్పారావుగారి మనిషి నా గంప దగ్గర నిలబడి, "మీ తమ్ముడికి మంచి ఉద్యోగం దొరికిందిలే, ఇంక మీ దావా ఎవరు చూస్తారు?" అని నవ్వాడు.

నేను వాడిమీద నీళ్ళు చల్లి పంపాను. కాని ఇంటికొచ్చాక మనసు మనసులో లేదు. ఒరే, మీ బావ ఒక పీపాకి లొంగాడు. నువ్వు దేనికి లొంగావో చెప్పు. చెబితే తిట్టను. చెప్పకపోతేనే తిడతాను.

అక్క.

రాజమహేంద్రవరం,
1898 జూన్ 25.

అక్కకి.

దేనికీ లొంగలేదు. ఎలా రాయాలో తెలియక ఊరుకున్నాను.

మార్చిలో వేంకటరమణగారిని సర్కారు వకీలుగా వేశారు. ఆయన పదేళ్ళుగా ఎదురుచూసిన పదవి అది. ఆ రోజు సాయంత్రం నన్ను లోపలికి పిలిచారు. "సర్కారు జీతం తీసుకుని సర్కారు మీద ఎలా వాదించనోయ్? మీ వాళ్ళ కాగితాల కట్ట తిరిగి ఇచ్చెయ్యి. నువ్వు మాత్రం ఇక్కడే ఉండు, నీకూ మంచిరోజులు వచ్చాయి" అన్నారు. ఆయన చెడ్డమనిషి కాదక్కా. చెడ్డమనిషయితే నాకు తేలికగా ఉండేది.

కట్ట తీసుకున్నాను. ఊరికి పంపితే అక్కడ ఎవరు చూస్తారు? ఇంకో వకీలుకి ఇస్తే, సర్కారు వకీలు గుమాస్తాగా ఉంటూ ఈ కేసుకోసం తిరగడం కుదరదు. రెండూ కుదరవు గనక కట్టతోపాటు నేనూ బయటికి వచ్చేశాను. అప్పారావుగారి మనిషి చెప్పిన మంచి ఉద్యోగం ఇదే. కోర్టు గేటు దగ్గర గోనె పరుచుకుని అర్జీలు రాసిపెడుతున్నాను. ఎండ బాగా ఉంది.

పేరున్న వకీళ్ళు నలుగురు కాదన్నారు. చివరికి నిరుడు పట్టా పుచ్చుకున్న ఒకాయన ఒప్పుకున్నాడు. ఆయనకి ఇంతవరకూ వేరే కేసు లేదు. అది మనకి మంచిదో చెడ్డదో తెలియదు గాని, కట్టంతా రెండుసార్లు చదివిన వకీలు ఆయనొక్కడే. కమిషనరు రిపోర్టు మీద ఆక్షేపణ దాఖలు చేశాం. లాజరుకి సమను పంపాం. సెప్టెంబరులో విచారణ. నువ్వు వచ్చి సాక్ష్యం చెప్పాలి.

నువ్వు బాధపడతావని చెప్పలేదు. చెప్పకపోతే ఇంకా బాధపడతావని అప్పుడు తోచలేదు.

పల్లంరాజు.

కోడుపాలెం,
1898 జూలై 4.

ఒరే తమ్ముడూ,

ఉద్యోగం మానేసేముందు అక్కని అడగాలని తెలియదా? అడిగితే వద్దనేదాన్ని. అందుకే అడగలేదు గామోసు.

మీ బావకి నీ ఉత్తరం వినిపించాను. గిన్నె తోముకుంటూ విన్నాడు. ఆనక "సెప్టెంబరుకి నేనూ వస్తాను" అన్నాడు. ఎందుకని అడగలేదు నేను. ఆ పూట అన్నం నేనే వడ్డించాను.

సముద్రం వైపునుంచి ఎండుచేపలు తెప్పించి పంపుతున్నాను. కుండలో కాదు, తాటాకు బుట్టలో. నెత్తిన గుడ్డ కట్టుకో. గోనె నీడవైపు వేసుకో.

అక్క.

రాజమహేంద్రవరం,
1898 అక్టోబరు 21.

అక్కకి నమస్కరించి పల్లంరాజు రాసేది.

నిన్న తీర్పు చెప్పారు. దానికి ముందు, నువ్వు సాక్ష్యం చెప్పి పడవెక్కాక మర్నాడు ఏం జరిగిందో బావ సరిగ్గా చెప్పి ఉండడు. విను.

అప్పారావుగారి వకీలు ఆ ఏడు నిశానీల కాగితం తీసి బావకి చూపించాడు.

"ఇది నీ నిశానీ అవునా?"

"అవునండి."

"నీళ్ళు బాగున్నాయని ఇందులో ఉంది. అంటే నీ భార్య చెప్పింది అబద్ధమా?"

బావ ఆ కాగితాన్నే చూస్తూ, "నిశానీ నాదండి. ఆవేళ నా ఒంట్లో తెలివి లేదండి. తాగించి వేయించారండి. మా ఆవిడ తాగలేదండి. ఆవిడ మాటే రాసుకోండి" అన్నాడు. దుబాసీ దాన్ని ఇంగ్లీషులో చెప్పేసరికి జడ్జీగారు కలం ఆపి బావవైపు చూశారు. నలుగురిలో ఆ మాట అనడం ఎంత కష్టమో నాకు తెలిసింది. ఇంక ఆ సంగతి ఎత్తకు.

లాజరు నిడదవోలునుంచి సెలవు దొరక్క, చెప్పకుండా వచ్చాడు. గేట్లు ఎత్తమన్న కాగితం చొక్కాజేబులోంచి తీసి బల్లమీద పెట్టాడు. అది చూశాక కమిషనరు రిపోర్టు గురించి ఇంకెవరూ మాట్లాడలేదు. ఇప్పుడు లాజరుకి జీతం ఆపారు. అతనికీ అర్జీ రాస్తున్నాను.

ఇక తీర్పు. పాములకోడు కోడే గాని డ్రైను కాదన్నారు. అప్పారావుగారు అందులోకి చుక్క మడ్డి వదలకూడదు, తూము మూసెయ్యాలి, నెలరోజులు గడువు. అంతవరకు మనం గెలిచాం.

సర్కారు మీద మాత్రం కొట్టేశారు. వాళ్ళు అనుమతి ఇచ్చారే గాని మడ్డి వదల్లేదు గనక వాళ్ళ బాధ్యత లేదుట. "అనుమతి లేకుండా గట్టు తెగేదా?" అని మా వకీలు నిలబడి అడిగాడు. ఆ ప్రశ్న ఈ దావాలోది కాదన్నారు. మరి ఏ దావాలోదో చెప్పలేదు. మెట్లు దిగుతుంటే వేంకటరమణగారు ఎదురయ్యారు. సర్కారు తరఫున గెలిచింది ఆయనే. నా భుజంమీద చెయ్యి వేసి, మెట్లెక్కి వెళ్ళిపోయారు.

సంతోషించాలో ఏడవాలో తెలియకుండా ఉన్నాను. నువ్వే తేల్చి చెప్పు.

నీ తమ్ముడు.

కోడుపాలెం,
1899 జూలై 30.

తమ్ముడు పల్లంరాజుకి అక్క దీవెనలు.

తూము పోయిన ఏడే మూశారు, నీకు రాయించాను. కాని కోడు ఎండాకాలమంతా అలాగే చచ్చిపడి ఉంది. మూసి ఏం లాభమని సంతలో వెక్కిరించారు. ఈ నెలలో కొత్తనీరు వచ్చింది. వారంరోజులు ఎర్రగా పారి అడుగునున్నదంతా ఊడ్చుకుపోయింది. మొన్న మీ బావ తెల్లవారకముందే వల పట్టుకుపోయి, ఎండెక్కాక వచ్చాడు. గంప నా ముందు పెట్టాడు. బొమ్మిడాయిలు. ఎక్కువ లేవు, పిడికెడు. ఒకటి తీసి వాసన చూశాను. బురద వాసన. అంతే, ఉత్త బురద వాసన. అక్కడే కూలబడి ఏడ్చాను. పంతులుగారు ఇది రాయొద్దంటున్నారు, నేను రాయమంటున్నాను.

సంతోషించాలా ఏడవాలా అని అడిగావు కదా. నాకూ తేలడంలేదు. ఎందుకంటే అప్పారావుగారు తీర్పు మీరలేదు. మన కోడులోకి చుక్క వదలడంలేదు. పడమటివైపు కొత్త కాలవ తవ్వించి మొగలికోడులోకి వదులుతున్నాడు. దానికీ సర్కారు అనుమతి ఉందిట. మొగలికోడు మీద మనలాంటివాళ్ళే ఇరవై ఇళ్ళు. అక్కడి లోవమ్మ అనే ఆవిడ నిన్న మధ్యాహ్నం పదిమంది ఆడవాళ్ళని వెంటబెట్టుకుని వచ్చింది. మీరు గెలవబట్టే మాకీ గతి పట్టిందని మా వాకిట్లో నిలబడి తిట్టింది. తిట్టడం అయ్యాక కూర్చోమన్నాను. చీకటి పడేదాకా కూర్చున్నారు. నిశానీ అంటే ఏంటో, వకాల్తా అంటే ఏంటో నాకు తెలిసినంత చెప్పాను. జాతరకి పీపా వస్తే ఏం చెయ్యాలో మీ బావ చెప్పాడు.

"మనకి నీళ్ళొచ్చాయి కదా, ఇంక మనకెందుకు?" అని ఊళ్ళో కొందరు గొణుగుతున్నారు. వాళ్ళని తిట్టడానికి కూడా నాకు ఓపిక లేదు.

నువ్వు శనివారం పడవకి బయల్దేరి రా. ఆ వకీలుగారికి వేరే పని లేకపోతే ఆయన్నీ తీసుకురా. బొమ్మిడాయిల పులుసు పెడతాను. ముందు కడుపునిండా తిను. లోవమ్మావాళ్ళని నువ్వు తిని చెయ్యి కడుక్కున్నాకే రమ్మన్నాను.

నీ అక్క మహాలక్ష్మమ్మ.